రేకు తొట్టిలో నీళ్ళెందుకు దిగవు?

తొలకరి పడి నాలుగు మంచి వానలు కురిశాయంటే తెలంగాణలోని కేసముద్రంలో ఇళ్ళ ముందున్న కూలర్లు వెనక్కి జరుగుతాయి. వాటిలో కొన్ని మళ్ళీ ఎండకాలానికి ముందుకు రావు. మోటారు ఇంకో కూలర్‌కు పోతుంది, గడ్డి ప్యాడ్లు చెత్తలో పడతాయి. మిగిలేది అడుగున నీళ్ళు పట్టే జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకు తొట్టి: దాదాపు రెండడుగుల చదరం, ముప్పావు అడుగు నుంచి అడుగు దాకా లోతు. పాత ఇనుప సామాను వాళ్ళు చెప్పే ధరకు ఇవ్వబుద్ధి కాదు. అందుకే దానిలో ఇంత మన్ను పోసి నాలుగు మిరప మొక్కలు పెడతారు, లేదంటే గుప్పెడు గోంగూర గింజలు చల్లుతారు.

ఇదే పని అమెరికాలో ఇంకాస్త పెద్ద ఎత్తున సాగుతుంది. అక్కడి పశువుల క్షేత్రాల్లో ఆవులు నీళ్ళు తాగే తొట్లు జీఐ రేకువే, గుండ్రంగానో కోలగానో రెండడుగుల ఎత్తున ఉంటాయి. వాటిని కొని, అడుగున రంధ్రాలు చేసి, పెరట్లో కూరగాయల మడులుగా వాడతారు. టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు ఈ ఉపాయం బాగా నప్పుతుంది. ఆ నేల మన రేగడి జాతిదే, ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నల్లమట్టి. దానితో కుస్తీ పట్టే బదులు దాని మీద తొట్టి పెట్టుకుని గోంగూర వేసుకోవడం తేలిక. మన ఊళ్ళలో పశువుల గోలెం రాతిదో సిమెంటుదో, రేకుది కాదు. ఆ రేకు తొట్టికి మన ఇళ్ళలో సాటి వచ్చేది కూలర్ తొట్టే. లోహం అదే, దాని మీది పూత అదే, మొక్కలు పెట్టాక వచ్చే చిక్కులూ అవే.

శ్రావణంలో ముసురు పట్టి వదలకపోతే తొట్టిలో మొక్క ముందు పసుపు తిరుగుతుంది, తర్వాత తల వేలాడేస్తుంది. వాడింది కదా అని ఇంకో చెంబెడు నీళ్ళు పోస్తారు. వారం తిరిగేసరికి మొక్క చేతికి ఊడొస్తుంది, వేరు గోధుమరంగు తిరిగి జారుతుంటుంది. అలాంటి తొట్టికే కొన్నేళ్ళలో అడుగు చిల్లు పడుతుంది. మొక్క చావడం, రేకు తుప్పు పట్టడం వేరువేరు సంగతుల్లా కనిపిస్తాయి కానీ రెండింటికీ కారణం ఒక్కటే: అడుగున దిగకుండా నిలిచిన నీళ్ళు. వాటికి దారి చూపితే వేరూ బతుకుతుంది, రేకూ బతుకుతుంది.

వేరు సంగతి ముందు చూద్దాం. వేరుకు నీళ్ళతో పాటు గాలి కూడా కావాలి, అది పీల్చేది ఆక్సిజన్‌నే. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటే ఆక్సిజన్ వేగంగా వేరును చేరుతుంది. అదే సందులు నీళ్ళతో నిండితే ఆక్సిజన్ నడక దాదాపు పది వేల రెట్లు మందగిస్తుంది. ఊపిరాడని వేరు నీళ్ళను పైకి పంపలేదు. నీళ్ళలో నిలబడి కూడా మొక్క వాడిపోయేది అందుకే. ఆ బలహీనమైన వేరు మీదికి పిథియం, ఫైటోఫ్తోరా వంటి కుళ్ళు జీవులు దాడి చేస్తాయి. నీళ్ళు నిలిచిన మడిలో పసుపుకు దుంపకుళ్ళు వస్తుందని, మిరపకు బోదె కావాలని ఇక్కడి రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. పొలంలో అంత జాగ్రత్త పడే చేయి తొట్టి దగ్గరకు వచ్చేసరికి అడుగున ఒక రంధ్రం కొట్టి సరిపెట్టుకుంటుంది. రంధ్రం ఉంటే నీళ్ళు వాటంతటవే పోతాయన్న నమ్మకం అది. కొంతవరకే పోతాయి.

గిన్నెలు తోమే స్పాంజి ముక్క ఒకటి తీసుకుని నీళ్ళలో బాగా నానబెట్టండి. అరచేతిలో పడుకోబెట్టి పట్టుకోండి. కాసేపు కారి చుక్కలు ఆగిపోతాయి. ఇప్పుడు పిండకుండా, కుదపకుండా, దాన్ని మెల్లగా నిలువుగా తిప్పండి. మళ్ళీ బొటబొటా కారుతుంది. స్పాంజి అదే, నీళ్ళు అవే, మారింది ఎత్తు ఒక్కటే. పడుకున్నప్పుడు దాని మందం అంగుళం, నిలబెడితే నాలుగంగుళాలు. అడుగు అంచున మాత్రం ఎలా పట్టుకున్నా కొంత మేర తడి వదలకుండా ఉండిపోతుంది.

మట్టిలోనూ జరిగేది ఇదే. సన్నటి సందుల్లోని నీటిని తలతన్యత పట్టి ఉంచుతుంది, దీపపు వత్తి నూనెను పైకి లాగి పట్టుకున్నట్టే. ఎంత ఎత్తున పట్టి ఉంచగలదో సందు వెడల్పు మీద ఉంటుంది. సందు ఒక మిల్లీమీటరు ఉంటే దాదాపు మూడు సెంటీమీటర్లు, మిల్లీమీటరులో పదో వంతు ఉంటే దాదాపు ముప్పై. ముప్పై సెంటీమీటర్లంటే అడుగు. అడుగు లోతు తొట్టిలో సన్నని బంకమట్టి నింపితే, కింద ఎన్ని రంధ్రాలున్నా, వాన వెలిసి నీళ్ళు కారడం ఆగాక కూడా ఆ మట్టి అడుగు నుంచి పైదాకా తడిసి ముద్దగానే ఉంటుందన్న మాట. పొలంలో అదే మట్టి కింద ఇంకెంతో లోతుకు మట్టే ఉంటుంది కాబట్టి పై అడుగులోని నీటిని కిందిది లాక్కుంటుంది. తొట్టి కింద అలా లాక్కునేది ఏమీ లేదు, ఉత్త గాలి. చలకలో బ్రహ్మాండంగా పెరిగిన మొక్క ఆ చలక మట్టే నింపిన తొట్టిలో చనిపోవడానికి కారణం ఇది.

ఇక్కడే అందరూ చెప్పే సలహా ఒకటుంది: అడుగున రెండంగుళాల కంకర పోయండి, నీళ్ళు మంచిగా దిగుతాయి. ఈ సలహా తప్పు, గట్టిగానే చెప్పాలి. సన్నటి సందుల్లో పట్టుబడిన నీటిని కిందికి లాగాలంటే కింద అంతకంటే సన్నటి సందులు ఉండాలి, లేదా అలాంటి మట్టే ఇంకా లోతుగా ఉండాలి. కంకరలో ఉండేవి పెద్ద సందులు, వాటికి లాగే శక్తి లేదు. అందుకే మట్టి పూర్తిగా నానిపోయేదాకా నీళ్ళు కంకరలోకి అడుగు పెట్టవు. 1950ల చివర అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన నేల శాస్త్రవేత్త వాల్టర్ గార్డ్‌నర్ గాజు పలకల వెనక మట్టి పొరలు పేర్చి, నీళ్ళు పారే తీరును ఫిల్మ్ తీసి చూపించారు. కిందికి దిగుతున్న తడి ముతక పొర అంచున ఆగిపోయి అడ్డంగా పాకడం దానిలో కళ్ళకు కడుతుంది. తొట్టిలో కంకర పోస్తే జరిగేది, ముద్దగా ఉండే తడి పొర రెండంగుళాలు పైకి జరగడం. అడుగు లోతులో వేరుకు దక్కాల్సిన చోటులో ఆ రెండంగుళాలూ నష్టం.

అనుమానం ఉంటే ఇంట్లోనే చూడొచ్చు. రెండు నీళ్ళ సీసాల పైభాగం కోసి, అడుగున చిల్లులు పెట్టండి. ఒకదానిలో మట్టి మాత్రమే, రెండో దానిలో రెండంగుళాల కంకర పోసి దాని మీద మట్టి, పైన రెండూ ఒకే మట్టానికి. నిండా నీళ్ళు పోసి, కారడం ఆగాక గోడ పక్కన పెట్టి చూడండి. మొదటి దానిలో ముదురు రంగు తడి పట్టీ అడుగున ఉంటుంది. రెండో దానిలో అంతే మందం పట్టీ కంకర మీద కూర్చుని ఉంటుంది, కింద కంకర రాళ్ళ మధ్య మాత్రం గాలి.

మరి రైలు పట్టాల కింద కంకర ఎందుకు పోస్తారు? కేసముద్రం కాజీపేట–విజయవాడ లైను మీదిది కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడ ఎవరికైనా వస్తుంది. 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1 తెల్లవారుజామున కురిసిన కుండపోతకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరద కట్టను తోసుకుంటూ పోయి కంకరను ఊడ్చేసింది. పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో వేలాడాయి. రైళ్ళు ఎన్నో రద్దయ్యాయి, వందల మంది సిబ్బంది రాత్రింబవళ్ళు పనిచేస్తే తప్ప లైను తిరిగి నడవలేదు. ఆ దృశ్యం చూసినవాళ్ళకు కంకర, నీళ్ళు అన్న రెండు మాటలు ఇప్పటికీ కలిసే గుర్తొస్తాయి. పట్టాల కింద కంకర బరువును పంచుతుంది, మీద పడిన వాన నీటిని నిలవనీయకుండా పక్కలకు జారవిడుస్తుంది. అక్కడ కంకర పైన ఉంది, వాన నేరుగా దాని మీదే పడుతుంది. తొట్టిలో కంకర మట్టి కిందికి పోయింది, దాని దాకా నీళ్ళు రావడమే కష్టం. కాలక్రమంలో కంకర సందుల్లో మట్టి చేరితే రైల్వేవాళ్ళు దాన్ని తవ్వి జల్లెడ పట్టి మళ్ళీ పోసేది కూడా నీళ్ళు నిలవకూడదనే.

అంటే మార్చవలసింది అడుగును కాదు, మట్టినే. తొట్టిలో పైనుంచి కిందిదాకా ఒకే మిశ్రమం ఉండాలి, దానిలో పెద్ద సందులు పుష్కలంగా ఉండాలి. చలక మన్ను ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, మూడో పాలు ముతక సరుకు. ఈ మూడో పాలుకు కేసముద్రంలో వెతుక్కోనక్కర్లేదు. రైసు మిల్లు నుంచి వచ్చే వరి ఊక ఉంది, అందులోనూ సగం కాలి నల్లబడిన ఊక ఇంకా మేలు, పచ్చి ఊకలా త్వరగా కుళ్ళి కుంగిపోదు. బఠాణీ గింజంత ఇటుక ముక్కలు కూడా పనికొస్తాయి, అయితే దుమ్మును జల్లెడ పట్టి తీసేయాలి. సన్నటి ఇసుక మాత్రం కలపొద్దు. రేగడిలో కొద్దిపాటి సన్న ఇసుక కలిపితే బంక రేణువులు ఇసుక సందులను పూడ్చి, ముందుకంటే గట్టి ముద్ద తయారవుతుంది. మిశ్రమం సరిగా ఉందో లేదో చెయ్యే చెబుతుంది: తడిపి పిడికిట్లో పిసికి, వేలితో ఒక పోటు పొడిస్తే ముద్ద విడిపోవాలి.

ఇప్పుడు రంధ్రాలు. తొట్టిని బోర్లించి బయటి నుంచి మేకుతో కొట్టడం మామూలుగా అందరూ చేసే పని. అప్పుడు చిరిగిన రేకు అంచు లోపలికి లేచి రంధ్రం చుట్టూ చిన్న గట్టులా నిలబడుతుంది. గట్టు ఎత్తు రెండు మిల్లీమీటర్లే అయినా, తొట్టి అడుగు మొత్తం మీద రెండు మిల్లీమీటర్ల నీళ్ళు ఎప్పటికీ బయటికి పోవు. రేకు కుళ్ళడం మొదలయ్యేది అక్కడే. తొట్టిని వెల్లకిలా పెట్టి, కింద చెక్క ముక్క ఆనించి, లోపలి నుంచి బయటికి కొట్టాలి. డ్రిల్లు ఉంటే పది పన్నెండు మిల్లీమీటర్ల బిట్టుతో పది దాకా రంధ్రాలు, బరకను ఆకురాయితో గీకేయాలి. పక్క గోడల్లో అడుగు నుంచి అంగుళం ఎత్తులోపే నాలుగు రంధ్రాలు పెడితే కిందివి ఏ వేరుతోనో మూసుకుపోయినా ఆదుకుంటాయి. లోపల రంధ్రాల మీద దోమతెర ముక్క చాలు, పెంకులు వద్దు. చివరికి తొట్టిని నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. నేలకు ఆనిన తొట్టికి రంధ్రాలున్నా లేనట్టే, పైగా దాని కింద చేరిన తడి ఆరదు.

వెల్డింగ్ షాపులో గ్యాసుతో రంధ్రాలు కాల్పించడం మాత్రం వద్దు. జింకు 419 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి, 907 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది. అప్పుడు లేచే తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు పట్టుకుంటాయి. రేకు మీది పూత కూడా ఆ మేరకు కాలిపోతుంది.

ఆ పూత గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే జీఐ రేకు తొట్టిలో పండినవి తినొచ్చా అన్న భయం అందరికీ ఉంటుంది. కూలర్ రేకును దగ్గరగా చూస్తే దాని మీద ఈకల్లా, పూలరేకుల్లా మెరిసే మచ్చలు కనిపిస్తాయి. అవి జింకు స్ఫటికాలు. ఇనుప రేకును సుమారు 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచి తీసినప్పుడు పూత చల్లారుతూ అలా పేరుకుంటుంది. ఈ పద్ధతికి ఫ్రెంచి ఇంజనీరు స్టానిస్లాస్ సోరెల్ 1837లో పేటెంటు తీసుకున్నారు. అంతకు ముందే, 1824లో, ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉండే రాగి రేకులకు జింకు, ఇనుము ముక్కలు తగిలించి రాగి తినిపోకుండా ఆపి చూపించారు. కిటుకు ఏమిటంటే, రెండు లోహాలు ఆని ఉండి తడి తగిలితే, వాటిలో చురుకైనది ముందు కరిగి రెండోదాన్ని కాపాడుతుంది. ఇనుము కంటే జింకు చురుకైనది. మేకు కొట్టిన రంధ్రపు అంచున ఇనుము బయటపడినా వెంటనే తుప్పు పట్టకపోవడం చుట్టూ ఉన్న జింకు చలవే. రాగి తీగతో తొట్టిని కట్టడమో ఇత్తడి కుళాయి బిగించడమో చేస్తే కథ తిరగబడుతుంది, అప్పుడు జింకు రాగి కోసం కరిగిపోతుంది.

పూత ఎంత మందం? మన దేశపు ప్రమాణాల్లో జీఐ రేకుకు 120 గ్రేడ్ అంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింకు. ఒక వైపు లెక్క వేస్తే ఎనిమిది మైక్రాన్లు దాటి కొంచెం, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గాలి తగిలి, తడిసి ఆరి, తడిసి ఆరి ఉంటే ఈ పూత మీద బూడిదరంగు జింకు కార్బొనేట్ పొర కట్టి అదే కవచమవుతుంది. నిరంతరం తడిగా ఉంటే, గాలి ఆడకపోతే ఆ కవచం కట్టదు, తెల్లటి పొడి తుప్పు రేగుతుంది. కూలర్లలో అడుగు ముందు పోయేది అందుకే. నీళ్ళు ఆవిరైన కొద్దీ బోరు నీటిలోని లవణాలు అక్కడే చిక్కబడి పూతను తినేస్తాయి. నీళ్ళు నిలిచిన మొక్కల తొట్టి కూడా ఆ కూలర్ లాంటిదే. క్లోరైడు ఉన్న మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌ను తొట్టి మొక్కలకు వేయకపోవడం రేకుకు మంచిది.

జింకు విషమా అంటే, ఇక్కడి రైతు డబ్బు పెట్టి కొనుక్కునే పోషకం అది. హిమాలయాల దిగువన తెరాయి ప్రాంతంలో వరి ఆకులు తుప్పు మచ్చలు పడి చచ్చిపోతుంటే అది తెగులు కాదు, జింకు లోపమని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త వై.ఎల్. నేనె గుర్తించారు. ఆయనే తర్వాత మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేశారు. నేడు వరికి, మక్కకు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయమని వ్యవసాయ శాఖ చెప్పేది ఆ జ్ఞానంతోనే. అందులో అసలు జింకు నాలుగు కిలోల చిల్లర. ఆ మోతాదును రెండడుగుల చదరానికి కుదిస్తే అర గ్రాముకు లోపే. మన తొట్టి లోపల గోడల మీద, అడుగున కలిపి ఉన్న జింకు ఎంత? అడుగు లోతు తొట్టికి లెక్క కడితే 65 గ్రాముల పైన. అంతా ఒక్కసారి కరిగితే, ఊక కలిపిన తేలిక మిశ్రమంలో కిలోకు 600 మిల్లీగ్రాములు దాటొచ్చు. మురుగు ఎరువు వాడే పొలాల మట్టిలో జింకుకు యూరప్ 1986లో పెట్టుకున్న పై హద్దు కిలోకు 300 మిల్లీగ్రాములు. కాబట్టి భయం అక్కర్లేదు అని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు.

అయితే అది ఒక్కసారి కరగదు, ఏళ్ళు పడుతుంది. కరిగినదంతా వేరుకూ అందదు. తటస్థంగానో కాస్త క్షారంగానో ఉన్న మట్టిలో జింకు కార్బొనేటుగా, హైడ్రాక్సైడుగా రేణువులకు అతుక్కుపోతుంది. పులుపు మట్టిలోనే దానికి రెక్కలొస్తాయి. పీహెచ్ ఆరుకు దిగువన జింకు జోరుగా కరుగుతుంది, మొక్కా ఎక్కువగా తీసుకుంటుంది. జీఐ డబ్బాలో పులుసు, మజ్జిగ పోయకూడదన్నది కూడా ఈ కారణంగానే. అందుకే వట్టి కోకోపీట్ నింపకండి, అది కాస్త పులుపు. గుప్పెడు కట్టెల బూడిద ఏడాదికోసారి కలపండి. లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే జింకు ఎక్కువై ఇనుము అందడం లేదేమోనని చూసుకోండి. పాలకూర, బీట్‌రూట్ ఈ దెబ్బ ముందుగా తినే జాతి, వాటిని వేరే కుండీలో వేసుకోవడమే మంచిది. పాత పద్ధతి పూతల్లో కాస్త సీసం కూడా కలిసేది, ఆ మెరిసే పూల మచ్చలు పెద్దవి కావడానికి అదీ ఒక కారణం. ఇవన్నీ చూసి నేను చెప్పేది: తినే పంటలకైతే తొట్టి లోపల దళసరి పాలిథీన్ పట్టా వేసి, అంచు మీదుగా బయటికి మడిచి, అడుగు రంధ్రాలకు ఎదురుగా పట్టాకూ రంధ్రాలు చేయండి. మట్టి రేకును తాకదు, పూత నిలుస్తుంది.

ఎండకాలం సంగతి వేరు. మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలైన చోట రేకు తొట్టి కుండలా చల్లగా ఉండదు. మెరిసే జీఐ రేకు ఎండను కొంత వెనక్కి కొట్టినా, తీసుకున్న వేడిని తిరిగి వదలడంలో మందకొడి. అందుకే తెల్ల పెయింటు వేసిన రేకు కంటే ఎక్కువ కాలుతుంది. బయటి వైపు తెల్ల రంగు వేయండి, లోపల పడమటి గోడకు గోనె సంచి మడతలు నిలబెట్టండి, పట్టా వేసి ఉంటే దానికీ మట్టికీ మధ్యన. మొక్కను తొట్టి నడిమధ్యలో పెట్టండి, వేరుకు వేడి తగిలేది గోడ పక్కనే.

డాబా మీద పెట్టేవాళ్ళు బరువు చూసుకోవాలి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన మిద్దెతోటతో ఎంతోమందికి దారి చూపాక, మన పట్టణాల్లోనూ మేడ మీద కూరగాయలు మామూలైపోయాయి. మనుషులు తిరిగే డాబాకు మన ప్రమాణాలు లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. మామూలు మట్టి నింపి తడిపిన అడుగు లోతు తొట్టి ఒక్కటే 180 కిలోలు తూగొచ్చు, అదీ చదరపు మీటరులో సగం కూడా లేని చోట. ఊక కలిపిన మిశ్రమంతో ఇది బాగా తగ్గుతుంది. అయినా తొట్లను స్లాబు నడుమ పెట్టక, కింద గోడ, దూలం ఉన్న చోటే వరుసగా పెట్టాలి.

ఎంత జాగ్రత్త పడినా ఏదో ఒక ఏడు అడుగు తినేస్తుంది. అప్పుడూ తొట్టిని పారేయనక్కర్లేదు. తుప్పు పట్టిన అడుగును పూర్తిగా కోసేసి, అంచును చదును చేసి, గోడలను మాత్రం పెరట్లో నేల మీద పెట్టండి. కింద నేలను గడ్డపారతో జానెడు లోతు తవ్వి, అదే మట్టిని పైన చెప్పిన మిశ్రమంతో కలిపేసి నింపితే, తొట్టి మట్టికీ నేలకూ మధ్య అడ్డు పొర ఉండదు. ఇంతకాలం అడుగున వేలాడిన నీటిని లాక్కోవడానికి కింద కావలసినంత లోతు మట్టి ఉంది. ఇక పాలిథీన్ పట్టా గోడలకు ఉంటే చాలు, అడుగున వద్దు. ఇందులోనైతే టమాట, వంకాయ వంటి లోతు వేళ్ళవీ వేసుకోవచ్చు.